‘సీసం ఎంత గట్టిదైతే అంత మంచిది’ అన్న మాటలో నిజమెంత?

పాత లివర్ యాక్షన్ రైఫిళ్లకు (ట్రిగ్గర్ దగ్గరి మీటను కదిపి తూటా ఎక్కించేవాటికి) సొంతంగా తూటాలు నింపుకొనేవారిలో ఒక మాట బాగా చలామణిలో ఉంది. మెత్తని గుండు బారెల్‌కు సీసం పట్టిస్తుందనీ, అందువల్ల మిశ్రమం ఎంత గట్టిదైతే అంత మేలనీ, ఎలాగూ కరిగిన సీసాన్ని అచ్చులో పోసి చేసిన పోత గుండే గనుక ఏ పాత రైఫిల్‌కూ ముప్పు ఉండదనీ దాని సారాంశం. ఇందులో మొదటి రెండూ సగం నిజాలు. మూడోది ప్రాణాల మీదికి తెచ్చేది.

సీసం పట్టడానికి ముఖ్య కారణం మెత్తదనం కాదు, కొలత కుదరకపోవడం. బారెల్ లోపలి మెలి గాడుల వ్యాసం కన్నా గుండు ఏమాత్రం సన్నగా ఉన్నా, మండే మందు నుంచి పుట్టిన వేడి వాయువు ఆ సందులోంచి దూసుకుపోతూ గుండు అంచులను కోసి, ఆ సీసాన్ని గోడలకు పులుముతుంది. మరక ఎక్కడుందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది: ఛాంబర్‌కు (తూటా కూర్చునే అరకు) కాస్త ముందే బూడిదరంగు పొరలు కనిపిస్తే గుండు సన్నదని అనుమానించాలి, మూతి దగ్గర కనిపిస్తే జారుడు కోసం గుండుకు పూసిన మైనం దారిలోనే అయిపోయిందనుకోవాలి. సీసాన్ని గట్టిపరచే ఆంటిమొనీ పెంచినంత మాత్రాన ఈ రెండూ తీరవు. నూనె రాసిన మెత్తని సీసపు ముక్కను బారెల్‌లోంచి నెమ్మదిగా తోసి, బయటికొచ్చాక మైక్రోమీటర్‌తో కొలిచి, అంతకన్నా అంగుళంలో వెయ్యో వంతో రెండు వంతులో లావైన గుండును ఎంచుకోవాలి. థర్టీ-థర్టీ తూటా రైఫిల్‌కు గాడుల వ్యాసం 0.308 అంగుళమని పుస్తకాల్లో ఉన్నా, పాత బారెళ్లు ఆ అంకెకు కట్టుబడి ఉండవు. లావు పెంచినా, నింపిన తూటా ఛాంబర్‌లో ఇరుకు లేకుండా కూర్చోవాలన్నది మరవరాదు.

గట్టిదనం విషయానికొస్తే, బ్రినెల్ కొలతలో శుద్ధ సీసం సుమారు 5, వాహన చక్రాల సమతూకానికి బిగించే సీసం సుమారు 12, పాత ముద్రణాలయాల లినోటైప్ అచ్చులోహం సుమారు 22. వేగం పెరిగేకొద్దీ గట్టి మిశ్రమమూ, గుండు అడుగున గ్యాస్ చెక్ అనే చిన్న రాగి మూతా అక్కరకొస్తాయన్నది ఒప్పుకోవలసిందే. అయితే తక్కువ పీడనపు తూటాలో లినోటైప్ గుండు ఉబ్బి గాడులను నింపదు కాబట్టి, అరిగిన బారెల్‌లో మెత్తని గుండు కన్నా అదే ఎక్కువ సీసం పట్టించవచ్చు.

మూడో వాదన అసలే నిలవదు. రైఫిల్ యాక్షన్ (తూటాను ఎక్కించి వెనక నుంచి మూసి ఉంచే యంత్రాంగం) భరించవలసింది పీడనాన్ని. గుండు సీసమా రాగి తొడుగుదా అన్నది దానికి పట్టదు. 1873 వించెస్టర్‌లోని టాగిల్ లింకు (మూతను పట్టి ఉంచే మడత కీలు) బలహీనమైనది. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 నమూనా తాళం దానికన్నా ఎంతో దృఢమైనది. రెండూ ఫార్టీఫోర్-ఫార్టీ తూటానే కాల్చినా, రెండోదానికి నింపినది మొదటిదానికి పనికిరాదు. పైగా పోత గుండ్లకు వేగంగా మండే మందును కొద్దిగానే వాడతారు గనుక పెద్ద కేసులో (తూటా ఇత్తడి గొట్టంలో) సగానికి పైగా ఖాళీ మిగులుతుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగిపొర్లదు గనుక ఆ తప్పు కంటపడదు. గుండు కూర్చోబెట్టే ముందు ప్రతి కేసులోకీ దీపం వేసి చూడటం చాదస్తం కాదు.

సీసం మెత్తనిదే కదా అని గొట్టపు మ్యాగజీన్‌లో మొనదేలిన గుండ్లు వాడటమూ ఇలాంటిదే: వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే మందును అంటించే అడుగు బిళ్లకు) ఆనుతుంది, కాబట్టి ముక్కు చదునుగా ఉండాలి. కేసు నోటిని గుండు చుట్టూ ఉన్న గాడిలోకి గట్టిగా ముడవాలి. లేకుంటే స్ప్రింగు ఒత్తిడికీ, పేలినప్పటి కుదుపుకీ గుండు లోపలికి జారి పీడనం పెరుగుతుంది.