నొప్పి లేని గడ్డనే ముందు అనుమానించాలి

మన దేశంలో మహిళలకు అత్యధికంగా వస్తున్న క్యాన్సర్ రొమ్ము క్యాన్సర్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1.92 లక్షల మందిలో ఈ వ్యాధి కొత్తగా బయటపడగా, 98 వేల మందికి పైగా మరణించారు. హైదరాబాద్ వాసులు ఇంకా శ్రద్ధగా చూడవలసిన అంకె మరొకటి ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2020లో విడుదల చేసిన క్యాన్సర్ నమోదు నివేదికలో, వయసుల తేడాను సరిచేసి లెక్కిస్తే, హైదరాబాద్ జిల్లాలో ఏటా లక్ష మంది మహిళలకు 48 మంది చొప్పున ఈ వ్యాధి బారిన పడుతున్నట్టు తేలింది. దేశంలోని నమోదు కేంద్రాలన్నింటిలో అదే అత్యధికం. చెన్నైలో అది 42.2, బెంగళూరులో 40.5. పెద్ద ఆసుపత్రులు ఉండటం వల్లనే ఈ సంఖ్య పెరిగిందని కొట్టిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఈ లెక్కలో స్థానికులే తప్ప చికిత్స కోసం బయటి జిల్లాల నుంచి వచ్చినవారు చేరరు.

వైద్యానికి నగరంలో కొరత ఉందని కూడా చెప్పలేం. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి 1955 నుంచి, బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి 2000 నుంచి క్యాన్సర్ రోగులకు సేవలందిస్తున్నాయి. ఆరోగ్యశ్రీ ఉంది. అయినా దేశవ్యాప్తంగా రొమ్ము క్యాన్సర్ రోగుల్లో సగానికి పైగా, వ్యాధి చంకలోని గ్రంథులకో చుట్టుపక్కల భాగాలకో పాకిన తర్వాతే చికిత్సకు చేరుతున్నారని అదే నివేదిక చెబుతోంది. బిడియం, ఖర్చు, భయం, ఇంటిపని అన్నీ ఈ ఆలస్యానికి కారణాలే. కానీ వాటన్నింటికీ బలం ఇస్తున్నది ఒక్కటే: ఈ జబ్బు తొలిదశలో సాధారణంగా నొప్పి పెట్టదు.

రొమ్ములోనో చంకలోనో చేతికి తగిలే, నొప్పి లేని గట్టి గడ్డ ఎక్కువమందిలో కనిపించే మొదటి సూచన. మన ఇళ్లలో జబ్బు తీవ్రతను నొప్పిని బట్టే అంచనా వేస్తాం. అందుకే తలనొప్పికి వెంటనే మాత్ర వేసుకునే ఇల్లాలు, నెలల తరబడి స్నానం చేసేటప్పుడల్లా చేతికి తగులుతున్న గడ్డను "సలపడం లేదు కదా" అని వదిలేస్తుంది. అమ్మాయి పెళ్లయ్యాక, పిల్లవాడి పరీక్షలయ్యాక, బోనాలయ్యాక చూపించుకుందామనుకుంటుంది. నిజానికి నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలపడం హార్మోన్ల వల్ల జరిగే మామూలు విషయం, అది నెలసరి తర్వాత తగ్గిపోతుంది. నెలసరి వచ్చి వెళ్లినా తగ్గకుండా ఒకేచోట నిలిచిపోయిన గడ్డను మాత్రం నొప్పి ఉన్నా లేకపోయినా డాక్టరుకు చూపించవలసిందే.

గడ్డ తగలకుండా వచ్చే మార్పుల గురించి ఇంట్లో దాదాపు ఎవరూ చెప్పరు. చర్మం లోపలికి లాగినట్టు సొట్టపడటం, బత్తాయి తొక్కలా సన్నని గుంటలతో దళసరెక్కడం, ఇంతకాలం బయటికి ఉన్న చనుమొన కొత్తగా లోపలికి పోవడం, నొక్కకుండానే ఒక్క వైపు నుంచి రక్తం కలిసిన ద్రవం కారడం అటువంటివే. చిన్నప్పటి నుంచీ చనుమొన లోపలికే ఉన్నవారు భయపడనక్కరలేదు; గమనించవలసింది కొత్తగా వచ్చిన మార్పును. చనుమొన మీద పొలుసులు లేచి, పుండుపడి, పైపూత మందులకు లొంగకపోతే దాన్ని చర్మవ్యాధి అనుకుని నెలలు గడపకూడదు. బాలింతల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రొమ్ము ఎర్రబడి వాస్తే పాలు గడ్డకట్టాయనుకుంటారు, చాలాసార్లు అది నిజమే కూడా. అయితే యాంటీబయాటిక్ కోర్సు పూర్తయినా వాపు తీయకపోతే స్కానింగ్ తప్పనిసరి, ఎందుకంటే ఇలా ఎరుపుతో, వాపుతో మొదలయ్యే అరుదైన క్యాన్సర్ చాలా వేగంగా ముదురుతుంది.

చేతికి తగిలే గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కావు. పాతికేళ్ల లోపు అమ్మాయిల్లో వేలి కింద జారిపోయే గడ్డ చాలావరకు ఫైబ్రోఅడినోమా అనే నిరపాయకరమైన కణితి. కానీ ఆ మాట చెప్పవలసింది చేత్తో చూసి, స్కానింగ్ గానీ మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) గానీ తీయించి, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షించిన తర్వాతే. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం చదువుకున్న కుటుంబాల్లోనూ ఉంది. దానికి ఆధారం లేదు. మా వంశంలో ఎవరికీ లేదన్న ధీమా కూడా ప్రమాదకరమే, ఎందుకంటే వంశపారంపర్యంగా సంక్రమించే జన్యులోపం వల్ల వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే.

ఏటా అక్టోబర్‌లో చార్మినార్ మీద గులాబీ దీపాలు వెలుగుతాయి, అద్దం ముందు నిలబడి స్వయంగా పరీక్షించుకోమని ప్రచారం సాగుతుంది. ఆ ప్రచారం అవసరమే, అయితే అది ఎంతవరకు సరిపోతుందో పరిశోధనలు చెప్పాయి. చైనాలోని షాంఘైలో సుమారు 2.66 లక్షల మంది మహిళా కార్మికులపై జరిగిన అధ్యయనంలో, స్వయం పరీక్ష నేర్పినవారిలో మరణాలు తగ్గలేదు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది మహిళలపై జరిపిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించడం వల్ల వ్యాధి ముందుదశల్లోనే దొరికింది. 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో ఆ ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి మార్పును గుర్తించమని మహిళలకు చెప్పడంతో ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. గుర్తించిన మరుక్షణం ఆమె చేరవలసిన శిక్షణ గల చేయి దగ్గరలో ఉండాలి.

అందుకు కావలసిన వ్యవస్థ హైదరాబాద్‌లో చాలావరకు ఉంది. మహిళల వైద్య పరీక్షల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మంగళవారం పరీక్షల జాబితాలో రొమ్ము క్యాన్సర్ కూడా ఉంది. బస్తీ దవాఖానాలు ఇళ్ల మధ్యనే ఉన్నాయి. గడ్డతో వచ్చిన మహిళకు మందు రాసి పంపేయకుండా, ఏ రోజు ఏ ఆసుపత్రిలో ఏ పరీక్షకు వెళ్లాలో తేదీ వేసిన చీటీ అక్కడే ఇవ్వాలి, రాకపోతే ఆశా కార్యకర్త ఆమె ఇంటికి వెళ్లాలి. మొదటిసారి వైద్యానికి వచ్చిన 60 రోజుల్లోపు వ్యాధి నిర్ధారణ పూర్తికావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లక్ష్యం. మన నగరంలో అది ఎన్ని రోజులు పడుతోందో ఆసుపత్రుల వారీగా మూడు నెలలకోసారి ప్రభుత్వం ప్రకటించాలి, ఆ లెక్క ప్రభుత్వ ఆసుపత్రులతోనే మొదలు కావాలి.