వడగండ్లు విపత్తే, వడగాలి కాదా?

మధ్యధరా సముద్రం వైపు నుంచి కదిలివచ్చే గాలుల అలజడి మార్చి నెలలోనూ కశ్మీరు, హిమాచల్ కొండలపై మంచు కురిపిస్తుంది. ఛోటానాగపూర్ పీఠభూమి మీది వేడిగాలి బంగాళాఖాతం తేమతో కలిసి బెంగాల్‌లో కాలబైశాఖి పేరిట ఉరుములు, పిడుగులతో విరుచుకుపడుతుంది. అవే రోజుల్లో కర్నూలులో పదకొండు దాటితే కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల మనిషి జాడ పలుచబడుతుంది. ప్రకృతి చూపే ఈ తేడాను ఎవరూ తప్పుపట్టలేరు. దాని మీద కేంద్రం చూపుతున్న తేడాను మాత్రం ఈ పత్రిక తప్పుపడుతోంది.

2021-26 కాలానికి కేంద్రం గుర్తించిన 12 విపత్తులలో వడగండ్లు ఉన్నాయి, శీతగాలులు ఉన్నాయి, మంచుచరియలు కూడా ఉన్నాయి. వడగాలి లేదు. చలిగాలికి ప్రాణం పోతే ఆ కుటుంబానికి విపత్తు సహాయ నిధి నుంచి 4 లక్షల రూపాయలు ఇచ్చే నిబంధన ఉండగా, ఎండకు పోయిన ప్రాణానికి ఆ జాబితాలో చోటే లేకపోయింది. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా వడదెబ్బకు బలయ్యారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఆ తర్వాత కూడా, జాబితాను పెంచాలన్న రాష్ట్రాల కోరికను, కేంద్ర రాష్ట్రాల మధ్య నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం తోసిపుచ్చింది.

వేసవి ఏటా వచ్చేదేననీ, నిధిలో 10 శాతం వరకు రాష్ట్రాలు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చుననీ కొందరు వాదిస్తున్నారు. చలికాలం మాత్రం ఏటా రావడం లేదా?

కొలమానం సైతం మనకు ఎదురే నిలుస్తోంది. మైదానాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు పెరిగితేనే, లేదా నేరుగా 45 డిగ్రీలు తాకితేనే వాతావరణ శాఖ లెక్కలో అది వడగాలి. సాధారణమే 40 డిగ్రీల చుట్టూ తిరిగే కర్నూలు మే నెలలో 43 నమోదైనా అది ఉత్త ఎండే అవుతుంది. ఆ ఉత్త ఎండలోనే చెరువు పూడిక తీసే ఉపాధి కూలీ కొంగు తడిపి తలకు చుట్టుకుంటుంది. గట్టు మీద పెట్టుకున్న సీసాలో నీళ్లు పది గంటలకే నోట పెట్టలేనంత కాగుతాయి. ఇంటికి చేరినా పైకప్పు బండలు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. అలాంటి మనిషి తెల్లారేసరికి లేవకపోతే, శవపరీక్ష జరగని చావు కాబట్టి, కాగితాల మీద అది గుండెపోటుగా మిగిలిపోతుంది.

పంటల సంగతీ అంతే. వడగండ్లకు రాలిన కాయకు నష్టపరిహారపు లెక్క ఉంది. వడగాలికి అనంతపురం చీనీ తోటల్లో రాలిన పిందెకు లెక్క లేదు. రెండూ రాలింది ఆకాశం చేసిన పనికే. మొదటి రైతు పొలానికి అధికారి వస్తాడు, రెండో రైతు ట్యాంకరు నీళ్లకు అప్పు చేస్తాడు.

మన ఎంపీలు పార్లమెంటులో దీనిపై పట్టుబట్టిన దాఖలా ఏదీ? ఎండలు ముదిరాక చలివేంద్రానికి రిబ్బను కత్తిరించి, మజ్జిగ గ్లాసుతో ఫొటో దిగడమే బాధ్యత అనుకుంటున్నట్టుంది. ఆ జాబితాలో నాలుగక్షరాల మాట ఒకటి చేర్పించలేని వారు మా ఊళ్లకు వచ్చి మజ్జిగ పోయనక్కరలేదు. మజ్జిగ మా ఇళ్లలోనే ఉంది.