ట్యాంకులో నీళ్లు

ఉద్యోగం వెతుక్కుంటూ చెన్నై మాధవరంలో మా అత్తయ్యవాళ్లింట్లో మూడు నెలలున్నాను. మామయ్య ఎక్కువగా లారీ మీదే ఉండేవాడు కాబట్టి ఇల్లు ప్రశాంతంగా ఉండేది. ఆ రాత్రి తొమ్మిదింటికి ఒళ్లంతా డీజిల్ వాసనతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. హాలు నిండా బిందెలు.

మామయ్య: ఏమిటే ఇది, ఇల్లా చలివేంద్రమా?

అత్తయ్య: చూసుకుని అడుగెయ్యండి. ఆ గుండిగ మనది కాదు, కింది పోర్షన్ వాళ్లది.

మామయ్య: ఇడ్లీ కుక్కర్లో నీళ్లెందుకు?

అత్తయ్య: ముప్పై ఏళ్లుగా ఇడ్లీలు తింటున్నారు. అందులో నీళ్లు పోస్తారని ఇవాళ తెలిసిందా?

మామయ్య: నా క్యారియర్లో కూడా పోశావు కదే!

అత్తయ్య: పొద్దున మీరు పళ్లు తోముకోవడానికి. అయినా నాకో మాట చెప్పొద్దూ? "ట్యాంకులో నీళ్లున్నాయి, రేపు మొత్తం దించేసి కడగాలి" అని ఫోన్లో ఎవరితోనో అరిచి వెళ్లిపోతే సరా? నేను విన్నాను కాబట్టి సరిపోయింది. నాలుగిళ్లకీ చెప్పొచ్చాను.

మామయ్య: (తల పట్టుకుని) అది లారీ ట్యాంకే!

అత్తయ్య: లారీ ట్యాంకులో నీళ్లు కాక పానకం ఉంటుందా?

(ఇందులో అత్తయ్య తప్పేం లేదు. ఆ వీధిలో లారీ అంటే నీళ్ల లారీయే, అరవంలో తణ్ణి లారీ. "లారీ వచ్చింది" అంటే ఆడవాళ్లకంటే ముందు బిందెలు పరిగెడతాయి.)

మామయ్య: తణ్ణి లారీ కాదు. మన లారీ. డీజిల్ లారీ!

అత్తయ్య: తణ్ణి లారీ మాత్రం మజ్జిగతో నడుస్తుందా?

మామయ్య: డీజిల్ పోసే ట్యాంకు తల్లీ! అందులో నీళ్లు చేరాయి!

అత్తయ్య: 2019లో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకున్న ఊరండీ ఇది. ఇక్కడ ట్యాంకులో నీళ్లు చేరాయని ఏడ్చే మగాణ్ని మిమ్మల్నే చూశాను.

మామయ్య ఇక లాభం లేదనుకుని నేలమీద చతికిలబడ్డాడు. గాజుగ్లాసులో సగం నీళ్లు తీసుకుని, అత్తయ్య కొబ్బరినూనె సీసా వంపాడు. నూనె పైకి తేలింది.

మామయ్య: చూడు. నీళ్లు బరువు, అడుగుకి పోతాయి. డీజిల్ పైన ఉంటుంది. ట్యాంకు సగం ఖాళీగా పెట్టి రాత్రి ఆపేస్తే, లోపలున్న గాలికి చెమ్మ పట్టి గోడల మీంచి చుక్కలు చుక్కలుగా దిగుతాయి. ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్యన బ్యాక్టీరియా పడుతుంది. నల్లటి జిగురు. గతుకుల్లో ఆ మడ్డి లేచి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది.

అత్తయ్య: అవి తినేదేమిటి?

మామయ్య: డీజిలే.

అత్తయ్య: లీటరు 90 దాటిన డీజిలా! నీళ్లలో పడుకుని, డీజిల్ తిని, పైగా పనికి అడ్డం పడతాయా? అచ్చం మీ తమ్ముడే.

మామయ్య: వాణ్ని ఎందుకు లాగుతావు మధ్యలో? ఫిల్టర్ మార్చి వారం కాలేదు, తడ దాటాక పికప్ పడిపోయింది. ఎంత తొక్కినా నలభై దాటదు. విప్పి చూస్తే ఫిల్టర్ బొగ్గులా ఉంది. ట్యాంకు కడక్కుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా ఇంతే.

అత్తయ్య: నీళ్లు చేరితే ముందే తెలియదా?

మామయ్య: (గొంతు తగ్గించి) లైటు ఒకటి వెలుగుతుంది... డ్యాష్‌బోర్డు మీద.

అత్తయ్య: వెలగలేదా?

మామయ్య: వెలిగే ఉంటుంది.

అత్తయ్య: ఉంటుందేమిటి?

మామయ్య: దాని మీద వెంకటేశ్వరస్వామి స్టిక్కర్ ఉంది.

అత్తయ్య: ఓహో! మొన్న గుడికి తీసుకెళ్లినప్పుడు స్వామి వెనకాల పసుపుగా వెలుగుతుంటే దణ్ణం పెట్టుకున్నాను కదండీ! మీరూ పెట్టారు! ఆయన పాపం "నీళ్లురా, నీళ్లురా" అని మొత్తుకుంటున్నాడన్నమాట.

మామయ్య: రోజూ పొద్దున్నే ఫిల్టర్ కిందున్న మర వదులు చేసి, అడుగు నీళ్లు కాస్త వదలాలి. ఆ క్లీనర్ వెధవ...

అత్తయ్య: స్టిక్కర్ క్లీనర్ అతికించాడా?

మామయ్య: ...అన్నం పెడతావా?

అత్తయ్య: స్నానం చెయ్యండి ముందు. బకెట్లో కాదు, ఈ అండాలోవి. కాచి పెట్టాను. చేతులకి ఆ గ్లాసులో నూనే రాసుకోండి, పారబోస్తే ఊరుకోను.

మామయ్య: కుళాయి తిప్పుకుంటాలే.

అత్తయ్య: కుళాయిలో ఏముంది? నాలుగిళ్లవాళ్లూ పట్టేసుకున్నాక పైన చుక్క లేదు. మనిషిని పిలిచి కడిగించేశాను కూడా. ఎంత బురదండీ! ఐదు వందలు మీ చొక్కా జేబులోంచి ఇచ్చాను.

మామయ్య స్నానం చేసి, నోరెత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ మెల్లిగా అసలు సంగతి చెప్పాడు. రేపు దించిన డీజిల్ తేరుకోవడానికి పట్టి ఉంచాలట. ఇంట్లో ఉన్న రెండు పెద్ద క్యాన్లూ కావాలి. లోపల ఒక్క నీటిబొట్టు ఉండకూడదు.

అత్తయ్య నా వైపు చూసింది. ఆ రెండు క్యాన్లలోనూ మెడదాకా నీళ్లు.

రాత్రి పదకొండింటికి ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకి పోశాను. అత్తయ్య కర్రకి పాత పంచె చుట్టి, క్యాను లోపల తుడిచి, టార్చి వేసి చూసి, మళ్లీ తుడిచింది.

మామయ్య: నూలు గుడ్డతోనా! పీచు ఊడితే ఫిల్టర్‌కి పడుతుందే!

అత్తయ్య: మీ పంచే. ఇన్నాళ్లూ మీ నిర్వాకం మింగిన ఫిల్టర్‌కి ఈ పీచో లెక్కా? పడుకోండి, నాలుగింటికి లేపుతాను.

టార్చి వేసి ఇంకోసారి చూసి, పంచె తీసేసి, తన వోణీ పట్టుముక్క ఏదో చుట్టడం మొదలెట్టింది.