ముందు కర్చీఫ్, ఆ తర్వాతే కథ

2014 జనవరిలో వార్నర్ బ్రదర్స్ తన 'బ్యాట్‌మన్ వర్సెస్ సూపర్‌మన్' చిత్రాన్ని 2016 మే 6కు వాయిదా వేసినప్పుడు ఆ శుక్రవారం ఖాళీగా లేదు. డిస్నీ చేతిలోని మార్వెల్ దానిపై అప్పటికే కర్చీఫ్ వేసి ఉంచింది. అది ఏ సినిమా కోసమో మాత్రం బయటివారికి తెలియదు. పేరు పెట్టని మార్వెల్ చిత్రం అన్నంత వరకే ప్రకటన. ఏడు నెలల పాటు రెండు సంస్థలూ మెట్టు దిగలేదు. ఆగస్టులో వార్నర్ వెనక్కి తగ్గి తన చిత్రాన్ని 2016 మార్చి 25కు జరుపుకొంది. మే 6న 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్' వచ్చింది. ఇంత పట్టుదలకు పోయి, చివరికి పోటీ లేని తేదీ దొరికించుకున్న వార్నర్‌కు ఒరిగిందేమిటి? అమెరికా, కెనడాల్లో తొలి వారాంతంలో 16.6 కోట్ల డాలర్లు రాబట్టిన ఆ చిత్రం వసూళ్లు రెండో వారాంతానికి దాదాపు 69 శాతం పడిపోయాయి. ఎదురుగా ఎవరూ లేరు. ప్రేక్షకులకే నచ్చలేదు.

సినిమా ఎప్పటికి సిద్ధమవుతుందో చూసుకొని తేదీ పెట్టుకోవడం పోయి, తేదీని ముందు పట్టుకొని దానికి సరిపడా సినిమాను వండి వార్చే పద్ధతి హాలీవుడ్‌లో స్థిరపడిపోయింది. స్టూడియోలు దీన్ని వ్యాపార చాతుర్యంగా చెప్పుకొంటాయి. ఆ చాతుర్యానికి మూల్యం చెల్లిస్తున్నది ఎక్కువగా ఇతరులే అన్నది మా అభిప్రాయం.

తేదీల వెనుక లెక్క లేదని ఎవరూ అనరు. 1975 జూన్ 20న యూనివర్సల్ సంస్థ 'జాస్'ను ఒకేసారి 409 థియేటర్లలో విడుదల చేసి, అంతకు ముందు రాత్రుళ్లు జాతీయ టీవీ చానళ్లను ప్రకటనలతో హోరెత్తించింది. పెద్ద చిత్రాన్ని కొన్ని నగరాల్లో మొదలుపెట్టి, ఆ నోటా ఈ నోటా మంచి మాట పాకేకొద్దీ మిగతా ఊళ్లకు పంపే పాత పద్ధతికి ఆ వేసవితో కాలం చెల్లడం మొదలైంది. వేసవి పెద్ద సినిమాలకు అంత అచ్చివచ్చే కాలం కాదన్న నమ్మకం కూడా దానితోనే చెదిరింది. రెండేళ్ల తర్వాత 'స్టార్ వార్స్' మెమోరియల్ డే సెలవుకు ముందరి బుధవారం, 1977 మే 25న, కేవలం 32 థియేటర్లలో మొదలైంది. బడులు మూసి ఉండే రోజుల్లో సోమవారం ఆట కూడా శనివారం ఆటలాగే నిండుతుందనీ, ఒకసారి చూసిన పిల్లలే మళ్లీ మళ్లీ వస్తారనీ ఆ చిత్రంతో పరిశ్రమకు రుజువైంది.

అక్కడి నుంచి వేసవి వెనక్కి తిరిగి చూడలేదు. 2002 మే 3న వచ్చిన 'స్పైడర్‌మన్' 11.48 కోట్ల డాలర్లతో, తొలి వారాంతంలోనే 10 కోట్లు దాటిన మొదటి చిత్రంగా నిలవడంతో మే నెల మొదటి శుక్రవారానికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 2018లో 'అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్'ను మే 4 నుంచి ఏప్రిల్ 27కు జరిపారు, మరుసటి ఏడాది 'ఎండ్‌గేమ్' ఏప్రిల్ 26న వచ్చింది. వాతావరణ శాఖతో నిమిత్తం లేకుండా వేసవిని ముందుకు లాగగలిగిన ఘనత స్టూడియోలదే.

డిసెంబర్ లెక్క వేరు. తొలి మూడు రోజుల వసూళ్లు వేసవి స్థాయిలో లేకపోయినా, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా వరసగా సెలవు రోజులే. జనవరిలో ఎదురొచ్చే పెద్ద చిత్రం సాధారణంగా ఉండదు. 'టైటానిక్' 1997 జులై 2న రావలసింది. పని తెమలక డిసెంబర్ 19కి వాయిదా పడినప్పుడు, ఇది కూడా మునిగే నావేనని రాయని పత్రిక తక్కువ. తొలి వారాంతంలో వచ్చింది 2.86 కోట్ల డాలర్లే. ఆ తర్వాత వరుసగా 15 వారాలు మొదటి స్థానం వదల్లేదు. దీన్ని క్రిస్మస్ తేదీ మహిమ అనేవారున్నారు. అమెరికాలో సరిగ్గా అదే రోజున విడుదలైన జేమ్స్ బాండ్ చిత్రం 'టుమారో నెవర్ డైస్'కు కూడా ఆ సెలవులన్నీ దొరికాయని వారు మరచిపోతారు. 'టైటానిక్'కు మేలు చేసింది డిసెంబర్ కాదు, దర్శకుడికి ఎడిటింగ్ గదిలో అదనంగా దొరికిన ఆ ఐదున్నర నెలలు.

ఇప్పుడు పోటీ వారాంతం కోసమే కాదు, తెరల కోసం కూడా. మామూలు టికెట్ కంటే ఎక్కువ ధర పలికే ఐమ్యాక్స్ తెరలు పరిమితం. ఒక చిత్రం వాటిని మాట్లాడుకుంటే మరొక చిత్రానికి దారి మూసుకుపోతుంది. 2023 జులై 12న టామ్ క్రూజ్ 'మిషన్: ఇంపాజిబుల్' ఏడో చిత్రం వచ్చింది. అయితే జులై 21 నుంచి మూడు వారాలు ఐమ్యాక్స్ తెరలు 'ఓపెన్‌హైమర్'కు అంతకు ముందే ఖాయమై ఉన్నాయి. యూనివర్సల్ ఆ తేదీని 2021 అక్టోబర్‌లోనే ప్రకటించింది. జులై మూడో వారం ఆ చిత్ర దర్శకుడు క్రిస్టఫర్ నోలన్‌కు ఇష్టమైన వారమని పరిశ్రమలో తెలియనివారు లేరు. అయినా పారమౌంట్ జులై 12కే కట్టుబడింది. పది రోజులైనా గడవకుండానే పెద్ద తెరలు చేజారాయి. అదే జులై 21న 'బార్బీ' కూడా దిగడంతో, రెండో వారాంతంలో 'మిషన్' వసూళ్లు 60 శాతానికి పైగా పడిపోయాయి. 'ఓపెన్‌హైమర్'ను 70 ఎంఎం ఐమ్యాక్స్ ఫిల్మ్‌పై చూపగలిగిన థియేటర్లు మొత్తం ప్రపంచంలో 30 మాత్రమే. ఒక్కో ప్రింటు పొడవు దాదాపు 11 మైళ్లు. అంత బరువైన ఫిల్మును యంత్రంపైకి ఎక్కించాక వారానికోసారి దించి మరొకటి ఎక్కించే వెసులుబాటు ఎక్కడిది? క్యాలెండర్‌లో తొమ్మిది రోజుల దూరం ఉంటే చాలనుకున్నవారు తెరల లెక్క చూసుకోలేదు.

'బార్బీ', 'ఓపెన్‌హైమర్' ఒకే రోజు వచ్చి రెండూ గెలిచాయి కదా, ఇక తేదీల గొడవ ఎందుకని అడగవచ్చు. తొలి వారాంతంలో ఒకటి 16.2 కోట్లు, రెండోది 8.2 కోట్ల డాలర్లు రాబట్టిన మాట నిజమే. వాటి ప్రేక్షకులు వేరు, ఒకే రోజు రెండూ చూడాలన్న ఉత్సాహం జనంలోంచి పుట్టింది. దాన్ని స్టూడియోలు పథకం వేసి పుట్టించలేదు. ఆ జోడీని చూసి ఢీకొట్టడమే మంచిదనుకుంటే అది మరో పొరపాటు.

విదేశీ మార్కెట్ల సంగతి కొంత భిన్నం. కథ ముందే బయటపడిపోతుందన్న భయంతో పెద్ద చిత్రాలు ఇప్పుడు చాలా దేశాల్లో దాదాపు ఒకేసారి వస్తున్నాయి. 'ఇన్ఫినిటీ వార్'ను వారం ముందుకు తేవడంలోని ఉద్దేశమూ అదే. చైనాలో మాత్రం స్టూడియోల ఇష్టం సాగదు. 2012 ఒప్పందం ప్రకారం వసూళ్లలో వాటా ఇచ్చే పద్ధతిలో అక్కడికి ఏటా వెళ్లగలిగే విదేశీ చిత్రాలు 34; వాటి వాటా 25 శాతం; తేదీ నిర్ణయం అక్కడి అధికారులది. ఏళ్ల ముందు తేదీలు ప్రకటించే సంస్థలు అక్కడ మాత్రం చాలాసార్లు కొద్ది వారాల ముందు వచ్చే కబురు కోసం కాచుకొని కూర్చుంటాయి, సర్దుకొంటాయి కూడా. ఆ ఓపిక సొంత గడ్డమీద ఎందుకు లేదు?

ప్రత్యర్థులంతా ఒక గదిలో కూర్చుని శుక్రవారాలు పంచుకుంటే పోటీ చట్టాల కింద అది నేరమవుతుంది. అందుకే మాటలన్నీ పత్రికా ప్రకటనల ద్వారా నడుస్తాయి. ఒకరు తేదీ ప్రకటిస్తారు. అది నిజమైన తేదీనో, అవతలివారిని బెదరగొట్టే తేదీనో మిగతావారు ఊహించుకోవాలి. 2025 మేలో డిస్నీ 'అవెంజర్స్: డూమ్స్‌డే'ను 2026 మే 1 నుంచి డిసెంబర్ 18కి తెచ్చింది, అది 'డ్యూన్' మూడో భాగానికి వార్నర్ అప్పటికే ప్రకటించి ఉన్న రోజు. పేర్లు మారాయి, ఆట మాత్రం 2014 నాటిదే. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త లిరాన్ ఐనావ్ ఈ ఆటను లోతుగా పరిశీలించారు. సెలవుల్లో జనం ఎక్కువగా రావడానికి జనంలో ఉండే ఉత్సాహం ఒక కారణమైతే, మంచి చిత్రాలన్నీ అప్పుడే రావడం మరో కారణమని ఆయన 2007 నాటి పరిశోధన చూపింది. పెద్ద సెలవు వారాంతాల చుట్టూ చిత్రాలు అవసరానికి మించి గుమిగూడుతున్నాయనీ, సెలవులకు వచ్చే చిత్రాల్లో కొన్నింటిని ఒకటి రెండు వారాలు జరిపితే వసూళ్లు పెరుగుతాయనీ 2010లో ప్రచురించిన మరో అధ్యయనంలో ఆయన తేల్చారు. అంటే నీతి మాట పక్కన పెట్టి డబ్బు లెక్కే చూసుకున్నా ఈ తొక్కిసలాట దండగే.

అసలు నష్టం తెర వెనుక జరుగుతుంది. తేదీ కదలనప్పుడు కదలాల్సింది మనుషులే. కథలో మార్పులు ఆఖరి నెలల దాకా సాగుతుంటే, ఆ మార్పులన్నిటినీ తెరపైకి తెచ్చే విజువల్ ఎఫెక్ట్స్ కళాకారులు రాత్రింబవళ్లు కూర్చోవలసి వస్తుంది. మార్వెల్‌లో ఆ పని చేసేవారు 2023 సెప్టెంబర్‌లో ఏకగ్రీవంగా ఓటు వేసి యూనియన్‌లో చేరారంటే పరిస్థితి ఎంతవరకు వచ్చిందో అర్థమవుతుంది. 2019 డిసెంబర్ 20న వచ్చిన 'క్యాట్స్' ఉదంతం ఇంకా విడ్డూరం. ఆ చిత్రం ఆడుతుండగానే, మెరుగుపరిచిన గ్రాఫిక్స్‌తో కొత్త కాపీ పంపుతున్నామని యూనివర్సల్ థియేటర్లకు కబురు చేసింది. పిల్లి పాత్రలో ఉన్న జూడీ డెంచ్ చేయి ఒక దృశ్యంలో బొచ్చు లేకుండా, ఉంగరంతో సహా మనిషి చేయిగానే మిగిలిపోయింది. మొదటి రోజు టికెట్ కొన్నవారు చూసింది పూర్తికాని సినిమా.

దీని పక్కన 'సోనిక్ ది హెడ్జ్‌హాగ్'ను పెట్టి చూడండి. 2019 ఏప్రిల్ చివర్లో ట్రైలర్ వచ్చినప్పుడు ఆ బొమ్మ రూపాన్ని చూసి జనం భగ్గుమన్నారు. పారమౌంట్ నవంబర్ 8 తేదీని వదులుకొని, బొమ్మను మళ్లీ తీర్చిదిద్ది 2020 ఫిబ్రవరి 14న విడుదల చేసింది. చిత్రం ప్రపంచవ్యాప్తంగా 30 కోట్ల డాలర్లు దాటింది, దాని వెనుక సీక్వెల్సూ వచ్చాయి. ఫిబ్రవరిని పారేసే నెలగా చూసిన రోజులు పోయాయని అంతకు ముందే 2016లో 'డెడ్‌పూల్', 2018లో 'బ్లాక్ పాంథర్' చాటాయి. అక్టోబర్ గురించి 'జోకర్' చెప్పింది. నటుల సమ్మె వల్ల 2023 నవంబర్ నుంచి 2024 మార్చి 1కి వెళ్లిన 'డ్యూన్: పార్ట్ టూ' 70 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది.

అందరూ కొన్ని వారాల కోసమే ఎగబడితే మిగతా వారాల్లో థియేటర్లు ఏం తిని బతకాలి? 2020 అక్టోబర్‌లో బాండ్ చిత్రం 'నో టైమ్ టు డై' నవంబర్ నుంచి మరుసటి ఏప్రిల్‌కు వాయిదా పడిన కొద్ది రోజుల్లోనే సినీవరల్డ్ సంస్థ అమెరికాలో 536, బ్రిటన్‌లో 127 థియేటర్లను తాత్కాలికంగా మూసివేస్తున్నట్లు ప్రకటించింది. 45,000 మంది ఉద్యోగులపై ఆ దెబ్బ పడింది. అది మహమ్మారి కాలం, ఆ వాయిదాను తప్పుపట్టలేం. కానీ ఒక్క చిత్రం తేదీ మీద ఇన్ని తలుపులు ఆధారపడి ఉండడం మహమ్మారి తెచ్చిపెట్టింది కాదు. 'స్టార్ వార్స్: ది లాస్ట్ జెడై'కి టికెట్ వసూళ్లలో 65 శాతం వాటా, నాలుగు వారాలు పెద్ద తెరలోనే ప్రదర్శన అన్న షరతులను డిస్నీ పెట్టిందని 2017లో వార్తలు వచ్చాయి. నగరంలో పది తెరలున్నవారు దాన్ని భరించగలరు. ఒకే తెర ఉన్న చిన్న పట్టణంలోని ఎగ్జిబిటర్‌కు, అంటే థియేటర్ నడిపేవారికి, చూడవలసినవారంతా రెండో వారానికే చూసేసి ఉంటారు, మిగతా రెండు వారాలు ఖాళీ కుర్చీలకు బొమ్మ వేయడమే.

స్టూడియోల వైపు నుంచీ ఒక మాట ఉంది. 20 కోట్ల డాలర్లు పెట్టిన చిత్రం ఊరికే కూర్చుంటే వడ్డీ పెరుగుతుంది, చేసిన ప్రచారం చల్లారుతుంది, బొమ్మల కంపెనీలతోనూ ప్రకటనకర్తలతోనూ కుదుర్చుకున్న ఒప్పందాలు తేదీతో ముడిపడి ఉంటాయి. ఇవి కల్లబొల్లి సాకులు కావు. అయితే 'టాప్ గన్: మావరిక్'ను 2020 జూన్ నుంచి 2022 మే 27 దాకా అట్టిపెట్టిన పారమౌంట్‌కూ ఈ ఖర్చులన్నీ ఉన్నాయి, ఉత్తర అమెరికాలోనే 71 కోట్ల డాలర్లకు పైగా తెచ్చి ఆ చిత్రం వాటిని తీర్చింది. ప్రతి వాయిదా ఇలా ఫలిస్తుందని మేము చెప్పడం లేదు. పూర్తికాని చిత్రాన్ని తేదీ కోసం తోసేయడం కంటే వాయిదా ఖరీదైనదన్న వాదన మాత్రం నిలవదు.

ఏడాది ముందు సీజన్‌ను చెప్పి, తొలి కూర్పు చేతికొచ్చాకే శుక్రవారాన్ని ఖాయం చేయడం అసాధ్యమేమీ కాదు. కూర్పు పూర్తయినట్లు చూపని చిత్రానికి ప్రత్యేక తెరలను అట్టిపెట్టబోమని ఐమ్యాక్స్, పెద్ద థియేటర్ సంస్థలు ఒప్పందాల్లో రాసుకోగలవు. నాలుగు వారాల షరతును ఒకే తెర ఉన్న చోట రెండు వారాలకు తగ్గించమని చిన్న ఎగ్జిబిటర్లు తమ సంఘాల ద్వారా పట్టుబట్టగలరు. స్టూడియోల్లో మొదటి అడుగు వేయవలసింది డిస్నీ. పేరు లేని చిత్రాల కోసం ఏళ్ల ముందే శుక్రవారాలను ఆపి ఉంచే అలవాటును పెంచి పోషించింది ఆ సంస్థే కాబట్టి, క్యాలెండర్‌లో ఇప్పటికీ 'పేరు ప్రకటించని చిత్రం' అని రాసి ఉన్న తేదీలను అది వదిలిపెడితే మిగతావారికి పట్టుకు కూర్చోవడానికి కారణం ఉండదు.