కౌలు డబ్బు ఉన్నవారికి ఐటీఆర్-1 సరిపోదు

పెన్షనూ బ్యాంకు వడ్డీ మాత్రమే ఉన్నవారికి ఐటీఆర్-1 (ఆదాయపు పన్ను రిటర్నుల్లో తేలికైన ఫారం) సరిపోతుందని, పెన్షనర్ల రిటర్నుల గురించి వచ్చిన వ్యాసంలో రాసింది నిజమే కానీ, మా నెల్లూరు జిల్లా పెన్షనర్లలో చాలామందికి ఎంతో కొంత మాగాణి ఉంటుందన్న సంగతి అందులో రాలేదు. కోవూరు దగ్గరున్న మా రెండెకరాల వరిచేనికి వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయమే కాబట్టి దానిపై నేరుగా పన్ను లేదు. అయితే అది ఏడాదికి 5,000 రూపాయలు దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 అనే మరో ఫారం వేయాలి. ఈ నియమం తెలియక గతేడాది నెట్ సెంటరులో ఐటీఆర్-1 వేయించాను. కౌలుదారు ఫోన్‌పేలో పంపిన 40,000 రూపాయలు పాస్‌బుక్కులో కనబడేసరికి అనుమానం వచ్చి, గడువులోగానే రివైజ్డ్ (సవరించిన) రిటర్న్ దాఖలు చేశాను. మరో మాట: ఇతర ఆదాయం మినహాయింపు పరిమితి (పన్ను పడని మొత్తం) దాటినవారికి, వ్యవసాయ ఆదాయాన్ని పన్ను రేటు నిర్ణయించడానికి కలిపి లెక్కిస్తారు. అలాంటివారు రిబేటు (పన్నులో ఇచ్చే తగ్గింపు) వల్ల పన్ను సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే, వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో మరో పద్ధతిలోనో వెరిఫై చేయాల్సిందే (రిటర్న్ తమదేనని ధ్రువీకరించాల్సిందే). మా వీధిలో ఇద్దరు మేష్టార్లు ఈ వెరిఫై చేయడమే మరిచిపోయారు.