బ్రోషర్‌లో సముద్రం, పిల్లలకు రాని ఈత

జూన్ వచ్చిందంటే మా వీధిలో టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగే తల్లిదండ్రులు కనిపిస్తారు. తండ్రి చేతిలో అడ్మిషన్ కాగితాలు, వెనకాల బ్యాగు మోసుకుంటూ పిల్లాడు. విశాఖపట్నం పెదవాల్తేరులో మా మేడ మీది రెండు గదులు విద్యార్థులకే ఇస్తాం కాబట్టి ఏటా ఈ తంతు నాకు తప్పదు. అద్దె ఎంత, నీళ్లు ఎప్పుడొస్తాయి, వైఫై ఉందా అన్న ప్రశ్నలన్నీ అయ్యాక, మెట్లు దిగుతూ కుర్రాడు అడుగుతాడు, "బీచ్ ఎంత దూరం అంకుల్?" అని. నడిస్తే పావుగంట అంటాను. వాడి మొహం విచ్చుకుంటుంది. తల్లి మాత్రం చప్పున వాడి వైపు చూస్తుంది.

ఇద్దరిదీ న్యాయమే. నేనూ శ్రీకాకుళం జిల్లా నుంచి డిగ్రీ సర్టిఫికెట్లు పట్టుకుని పీజీ చదవడానికి వచ్చి, తిరిగి వెళ్లకుండా ఉండిపోయినవాణ్నే. కొండ, సముద్రం, కాలేజీ ఒకే బస్సు రూట్లో ఉన్న ఊళ్లు మన రాష్ట్రంలో ఇంకెన్ని ఉన్నాయి? కానీ ఇక్కడ చదువుకోవడం మంచిదేనా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒక్క మాటలో జవాబు చెప్పలేను.

విశాఖకు చదువుల ఊరన్న పేరు కొత్తగా వచ్చింది కాదు. ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923 నాటిది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్లుగా పనిచేసిన ఆ క్యాంపస్ సముద్రం వైపు దిగే ఏటవాలు నేల మీద ఉంది. ఆ తర్వాత 1980లో రుషికొండ దగ్గర గీతం, 2008లో సబ్బవరం వైపు న్యాయ విశ్వవిద్యాలయం, 2015లో ఐఐఎం, మరుసటి ఏడాది పెట్రోలియం యూనివర్సిటీ వచ్చాయి. లెక్కకు అందనన్ని ఇంజినీరింగ్ కాలేజీలు సరేసరి. వాటి బ్రోషర్లు తిరగేసి చూడండి. ల్యాబ్ ఫొటో ఒకటుంటే సముద్రం ఫొటోలు మూడుంటాయి.

ఆ ఫొటోల్లో అబద్ధమేమీ లేదు. తెల్లవారుజామున ఐదింటికి ఆర్కే బీచ్ రోడ్డుకు వెళ్లి చూడండి. ఆ వేళప్పుడు వాహనాలు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా కాళ్లదే. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కోసం పరిగెత్తే కుర్రాళ్లు, నేవీ మారథాన్‌కి తయారయ్యేవాళ్లు, మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగులు, రాత్రంతా చదివి టీ కోసం బయటికొచ్చిన మెడికోలు, అందరూ అక్కడే ఉంటారు. దేనికీ టికెట్ లేదు. హైదరాబాద్‌లో ఇలాంటి గంట కావాలంటే ఎక్కడికో బండి వేసుకుని వెళ్లాలి, లేదా జిమ్‌కి డబ్బు కట్టాలి. ఇక్కడ 900కే బస్సు ఎక్కితే అదే రూట్లో రుషికొండ, తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో భీమిలి. సాయంత్రం ఒక పొట్లం మూరి మిక్చర్‌తో గట్టు మీద కూర్చుంటే బ్యాక్‌లాగ్ సబ్జెక్టులు కూడా కాసేపు గుర్తుకు రావు. నా హాస్టల్ రోజుల్లో డబ్బు లేక బాధపడిన సందర్భాలు చాలా ఉన్నాయి. సాయంత్రం ఎక్కడికెళ్లాలో తోచక బాధపడింది మాత్రం ఒక్కటీ లేదు.

ఆరుబయట తిరిగే సరదా ఈ ఊరికి విద్యార్థుల వల్లే వచ్చిందని కాలేజీలవాళ్లు అనుకుంటారు గానీ, ఇక్కడి జనం అంతకుముందు నుంచే నడుస్తున్నారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కొండ కింది మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా ఊరంతా చుట్టి మాధవధార, గోపాలపట్నం నుంచి మళ్లీ కొండ కిందికి చేరతారు. లక్షల మంది, చాలామంది చెప్పుల్లేకుండా, రాత్రంతా నడుస్తారు. అర్ధరాత్రి వెంకోజీపాలెం దగ్గర నిలబడి చూడాలి. ఇళ్లముందు బల్లలు వేసి మజ్జిగ, పులిహోర పంచుతుంటారు. అరవై ఏళ్లావిడ గట్టు మీద కూర్చుని అరికాళ్లకు కొబ్బరినూనె రాసుకుని లేచి మళ్లీ నడక మొదలుపెడుతుంది. పక్కనే మా మేడ మీద కుర్రాడు, ఇరవై ఏళ్లవాడు, పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ఆటో కోసం చూస్తుంటాడు.

ఇక ఉప్పుగాలి సంగతి. ఏ బ్రోషర్‌లోనూ దాని ప్రస్తావన ఉండదు. ఒక కుర్రాడు కొత్త గేర్ సైకిల్ కొనుక్కొచ్చి రోజూ భీమిలి దాకా తొక్కుతానన్నాడు. నాలుగు రోజులు తొక్కాడు కూడా. తర్వాత మెట్ల కింద పెట్టేశాడు. సెమిస్టర్ పరీక్షలయ్యేసరికి గొలుసు ఎర్రగా మారి, పెడల్ తిప్పితే కిర్రుమని మొండికేసింది. కిటికీ గ్రిల్స్‌కి ఏటా రెడ్ ఆక్సైడ్ కొట్టించకపోతే పెళ్లలు పెళ్లలుగా రాలతాయి. ఫ్రిజ్ అడుగుభాగం, ఏసీ బయటి యూనిట్, గేటు కీళ్లు దేన్నీ వదలదు. సీ వ్యూ అని ఎక్కువ అద్దె కట్టేవాళ్లు ఈ ఖర్చు కూడా కలిపి చూసుకోవాలి.

పైగా ఆరుబయట హాయిగా తిరిగే కాలం ఏడాదికి నాలుగైదు నెలలే. మార్చి నుంచి ఉక్కపోత మొదలవుతుంది. తొమ్మిదింటికి కాలేజీ మెట్లెక్కేసరికి చొక్కా వీపుకి అతుక్కుంటుంది. చల్లబడే అక్టోబరు, నవంబరు నెలలేమో తుపాన్లవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. మర్నాడు పొద్దున తలుపు తీస్తే వీధి గుర్తుపట్టలేకపోయాను, చెట్లు లేవు. కైలాసగిరి, కంబాలకొండ పచ్చదనం పోయి గోధుమరంగులోకి మారిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. సముద్రం పక్కనే ఉన్నా తాగేందుకు మనకి ఏలేరు కాలువ, రైవాడ, తాటిపూడి నుంచే నీళ్లు రావాలన్న సంగతి చాలామంది కుర్రాళ్లకి ఆ వారంలోనే తెలిసింది.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనిది ఒకటుంది. పరీక్షలయ్యాక స్నేహితులతో బీచ్‌కి వెళ్లి ఇంటికి తిరిగి రాని పిల్లల వార్త మన పేపర్లలో ఏటా వస్తుంది. 2022 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో జరిగింది అదే. పరీక్షలు పూర్తయిన సంతోషంలో వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థుల్లో పలువురు మునిగిపోయారు. యారాడ, ఆర్కే బీచ్, రుషికొండ, భీమిలి, ఎక్కడైనా కథ ఒకటే. వార్తలో ఎప్పుడూ ‘అల లాక్కెళ్లింది’ అని రాస్తారు. జరిగేది సరిగ్గా అది కాదు.

కెరటాలు ఒడ్డుకి తోసుకొచ్చిన నీరు ఎక్కడో ఒకచోట దారి చేసుకుని వెనక్కి పోవాలి. ఆ పాయలో కెరటం విరగదు, నురగ తక్కువ. పైనుంచి చూస్తే చుట్టుపక్కల కన్నా ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఏరికోరి అక్కడే దిగుతారు. లాగుతుంటే భయపడి ఒడ్డుకేసి ఎదురీదుతారు. ఎంత ఈత వచ్చినవాడైనా దానికి ఎదురీది గెలవలేడు, అలిసిపోతాడు. అదే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే కొంతదూరంలో ఆ పాయ నుంచి బయటపడొచ్చు. ఈత రానివాడికి ఆ అవకాశం కూడా లేదు. ఒకసారి పెదజాలారిపేట దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన, నీళ్లలోకి దిగబోతున్న నలుగురు కుర్రాళ్లని కేకేశాడు. "ఇటు దిగకండి బాబూ, లాగేస్తాది. అదిగో, నురగున్న కాడ కాళ్లు తడుపుకొని వచ్చేయండి" అన్నాడు. వాళ్లు నవ్వి, కాస్త పక్కకి జరిగి దిగారు. ఆయన వల పక్కన పెట్టి, వాళ్లు ఒడ్డెక్కేదాకా అటే చూస్తూ కూర్చున్నాడు.

ఆయనకి తెలిసింది మన కాలేజీలు ఓరియంటేషన్ రోజున పది నిమిషాల్లో చెప్పొచ్చు. చెప్పరు. ర్యాగింగ్ మీద, హాజరు మీద గంటల కొద్దీ చెబుతారు, సముద్రం గురించి మాత్రం ‘వెళ్లొద్దు’ అని ఒక సర్క్యులర్ అంటించి ఊరుకుంటారు. పద్దెనిమిదేళ్లవాడికి ఆ సర్క్యులర్ ఆహ్వానపత్రికే! బీచ్ రోడ్డులోనే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వారి ఈతకొలనుల ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. రుషికొండలో సర్ఫింగ్, స్కూబా నేర్పేవాళ్లున్నారు. మొదటి ఏడాది చేరిన ప్రతి విద్యార్థికీ ఈత ఒక క్రెడిట్‌గా పెడితే ఏ నియమం అడ్డొస్తుంది? యోగాకి పెట్టినప్పుడు ఈతకి ఎందుకు పెట్టకూడదు? తీరప్రాంతపు కాలేజీ అని చెప్పి ఫీజు వసూలు చేస్తున్నప్పుడు, తీరం దగ్గర ఎలా మసలాలో నేర్పడం కూడా ఆ ఫీజులోనే ఉండాలని నా వాదన.

కొండల దగ్గరా ఇదే తంతు. శుక్రవారం రాత్రి క్లాసులయ్యాక ఐదు బైకులు, పదిమంది. వంజంగి మేఘాలు చూడటానికి పాడేరు ఘాట్, లేదంటే లంబసింగి చలి కోసం చింతపల్లి దారి. మంచు, మలుపులు, నిద్ర, మధ్యమధ్యలో సిగ్నల్ ఉండని ఫోను. సూర్యోదయం చూసి పెట్టే స్టేటస్‌కి మాత్రం సిగ్నల్ ఎలాగో దొరుకుతుంది. వెనక మిగిలే బిర్యానీ పొట్లాలు, నీళ్ల సీసాలు ఏరేది అక్కడి గిరిజనులే.

నేను ఇప్పటిదాకా చెప్పిందంతా వాల్తేరు వైపు ఊరి గురించి. డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు ఒకవైపు, ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు ఇంకోవైపు ఉండటంతో మధ్యలో ఊరు గిన్నెలా ఉంటుంది. పోర్టు బొగ్గు దుమ్ము, ఫ్యాక్టరీల పొగ ఆ గిన్నెలోనే చిక్కుకుంటాయి. వన్‌టౌన్‌లో, జ్ఞానాపురంలో కిటికీ గట్టు మీద వేలు పెట్టి లాగితే నల్లగా అంటుకుంటుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై జనం వీధుల్లో కుప్పకూలింది కూడా ఈ ఊళ్లోనే. బీచ్‌లో పీల్చే గాలిని చూసి ఊరంతటి గాలీ అదే అనుకునే విద్యార్థి నాలుగేళ్లూ అటువైపు ఒక్కసారి వెళ్లకుండానే డిగ్రీ పట్టుకుపోగలడు. ఆ బీచ్ కూడా ఇప్పుడు సొంతగా నిలబడటం లేదు. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంటుంది. హార్బర్ గోడలు దానికి అడ్డం. అందుకే పోర్టు డ్రెడ్జింగ్ చేసిన ఇసుకని తెచ్చి ఆర్కే బీచ్‌లో పోస్తూ ఉండాల్సి వస్తోంది.

పట్టా చేతికొచ్చాక ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సాయంత్రం హైదరాబాద్ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి రావడం నాకు అలవాటైపోయింది. దీన్ని పెన్షనర్ల స్వర్గం అని ఊరికే అనరు. ఇరవై లోపు వాళ్లకీ, అరవై దాటినవాళ్లకీ బాగుంటుంది, మధ్యవాళ్లు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉండి పండక్కి వస్తారు. రుషికొండ ఐటీ హిల్స్ ఉన్నాయి గానీ, వచ్చే పిల్లల సంఖ్యకు అవి చాలవు. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడి ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. మంచిదే. అయితే డేటా సెంటర్ నడపడానికి యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ కావాలి. ప్రకటన వచ్చిన వారానికే మధురవాడ స్థలాల ధరల గురించి టీకొట్లో వాదనలు మొదలయ్యాయి, ఉద్యోగాల గురించి అంత గట్టిగా ఎవరూ మాట్లాడుకోలేదు.

అద్దెల విషయంలో నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నలుగురు కుర్రాళ్లకి తలకింత అని ఇస్తే వచ్చేది, ఒక గుమస్తా కుటుంబం ఇవ్వలేదు. అందుకే పెదవాల్తేరు, ఎంవీపీ, శివాజీపాలెంలో గదులన్నీ మంచాల లెక్కన పోతున్నాయి. ఇక్కడే పుట్టి పెరిగిన చిన్న జీతగాళ్లు పెందుర్తి, కొమ్మాది వైపు జరుగుతున్నారు. వాళ్ల పిల్లలకి ఆర్కే బీచ్ ఇప్పుడు ఆదివారం రెండు బస్సులు మారి వచ్చే చోటు.

మొన్న ఒకావిడ చోడవరం నుంచి ఫోన్ చేశారు. కొడుక్కి కంప్యూటర్స్‌లో సీటొచ్చింది, గది కావాలన్నారు. అద్దె సంగతి అయ్యాక గొంతు తగ్గించి, "బీచ్ దగ్గరంట కదండీ. మావాణ్ని అటు పోనివ్వకండి, మీ పిల్లాడనుకోండి" అన్నారు. వాడికి ఈత వచ్చామ్మా అని అడిగాను.

"లేదండీ. చిన్నప్పుడు ఊరి చెరువుకి కూడా పంపలేదు, భయమేసి."