వైబ్రేషన్ ప్లేట్ మీద ఊరికే నిల్చుంటే బలం రాదు

అమ్మ మోకాళ్ల నొప్పికి మంచిదని ఎవరో చెబితే హన్మకొండలో ఒక ఫిట్‌నెస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. బరువు తూచే మిషన్‌ని కాస్త పెద్దది చేసినట్టుండే, కరెంటుతో వణికే ప్లేట్ చూపించి, దాని మీద పది నిమిషాలు నిల్చుంటే గంట వాకింగ్ చేసినట్టే అన్నారు. ముందు నేనెక్కాను. మోకాళ్లు నిటారుగా ఉన్నంతసేపు వణుకు తలదాకా ఎక్కింది, పళ్లు టకటకలాడాయి, ఎదురుగా గోడ గడియారంలో అంకెలు అలుక్కుపోయాయి. గుంజీ తీస్తూ మధ్యలో ఆగినట్టు కాస్త వంగానో లేదో, వణుకు తొడల దగ్గరే ఆగిపోయింది. అర నిమిషంలో తొడలు మండాయి. విషయమంతా ఆ తేడాలోనే ఉంది, అదే వాళ్లు మాకు చెప్పలేదు.

ఈ ప్లేట్లు మామూలుగా సెకనుకు 20 నుంచి 50 సార్లు, కొన్ని మిల్లీమీటర్ల మేర కదులుతాయి. ఒక్కో కుదుపుకి కండరం వెంట్రుకవాసి సాగుతుంది. ఆ సాగుడుని పసిగట్టే నరాలు వెన్నుపాముకి కబురు పంపుతాయి, కండరం దానంతటదే బిగుసుకుంటుంది. డాక్టర్ మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగురుతుంది కదా, దాదాపు అదే దారి. కాకపోతే కండరం ముందే పనిలో ఉంటేనే ఈ స్పందన గట్టిగా వస్తుంది, వదులుగా నిల్చున్న కాలికి పెద్దగా రాదు.

ఇదంతా మోసం అని మాత్రం నేను అనను. బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం అలవాటు లేని యువతులు వారానికి మూడుసార్లు చొప్పున 12 వారాలు ప్లేట్ మీద చేస్తే తొడ ముందు కండరాల బలం 16.6 శాతం పెరిగింది. బరువులతో చేసినవాళ్లకి 14.4 శాతం. వణుకు దాదాపు లేని ప్లేట్ మీద అవే వ్యాయామాలు చేసినవాళ్లకి పెరగలేదు, అంటే వణుకుకీ వాటా ఉన్నట్టే. కానీ వాళ్లెవరూ రైలింగ్ పట్టుకుని ఊరికే నిల్చోలేదు, గుంజీల్లాంటివి తీశారు, వారాలు గడిచేకొద్దీ కష్టం పెంచుకుంటూ పోయారు. ఆ బృందమే తర్వాత స్ప్రింటర్ల మీద ఐదు వారాలు చూస్తే, వాళ్ల రోజువారీ ట్రైనింగ్‌కి మించి అదనపు లాభం కనిపించలేదు. అందుకే సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు ఉరికే తమ్ముళ్లకు నేను చెప్పేదొక్కటే, దీని మీద డబ్బులు పెట్టకండి, ఆ డబ్బులతో గుడ్లు తినండి. లాభమేదైనా ఉంటే వ్యాయామం అలవాటు లేనివాళ్లకి, బరువులు ఎత్తలేని పెద్దవయసు వాళ్లకి.

మా ఊళ్లో ట్రాక్టర్ నడిపే అన్నకి ఇది చెబితే, "రోజంతా ఊగుతనే ఉంట, మరి నా నడుమెందుకు నొస్తున్నది?" అని అడిగాడు. సరైన ప్రశ్న. ట్రాక్టర్ సీటు కుదుపు నెమ్మదిగా వస్తుంది, సెకనుకు కొన్నిసార్లే. కూర్చున్న మనిషి వెన్నెముక ఎక్కువగా ఊగేది సెకనుకు నాలుగైదు కుదుపుల దగ్గరే. పైగా కూర్చుంటే కుదుపుని మింగడానికి మోకాళ్లు లేవు, సీటు నుంచి తిన్నగా నడుముకే, అదీ గంటల తరబడి. భూపాలపల్లి, రామగుండం ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో పెద్ద లారీల్లాంటి డంపర్లు నడిపేవాళ్లదీ అదే సీటు బాధ. ప్లేట్ మీద వ్యాయామం అంటే నిమిషం చేసి నిమిషం ఆగడం, మొత్తం కలిపితే కొద్ది నిమిషాలే.

నాకు కోపం తెప్పించింది ఇంకొకటి. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డలున్నవాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు దీన్ని ఎక్కకూడదంటారు. అరవై దాటిన మనిషిని ప్లేట్ ఎక్కించే ముందు అక్కడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మేం ప్యాకేజీ తీసుకోలేదు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు అమ్మ ఇప్పుడు వంటింటి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చుంటోంది, పూటకి పదిసార్లు. మొదటి వారం నాలుగోసారికే చెయ్యి బల్ల మీదికి పోయేది.